గోడకు నకలు

లోకంలో కోళ్లకు ఉన్న రంగులు సరిగ్గా ఇరవై మూడు. ఇది దేవుడు తీసుకున్న నిర్ణయం కాదు, శాస్త్రవేత్తలు తేల్చిన లెక్కా కాదు. ఫారం నెంబరు పదకొండులో ఇరవై మూడు గళ్లే పట్టాయి. ఇరవై నాలుగో గడి గీయబోతే కింద అధికారి సంతకానికి చోటు చాలలేదు. సంతకం లేని ఫారం చెల్లదు కాబట్టి, ఇరవై నాలుగో రంగే చెల్లదని కోళ్ల రంగుల గుర్తింపు కార్యాలయం తీర్మానించి, ఆ సంగతి కోళ్లకు తెలియజేయవలసిందిగా సిబ్బందిని ఆదేశించింది. (తెలియజేశారో లేదో రికార్డు లేదు. కోళ్లు మాత్రం ఎక్కడా ముట్టినట్టు సంతకం పెట్టలేదు.)

ఈ తీర్మానం చెవిన పడక, డబ్బా బాబాయి తొమ్మిదేళ్లు నానా అవస్థలు పడి ఇరవై నాలుగో రంగు పుట్టించాడు.

డబ్బా బాబాయి ఎవరంటే, బస్టాండు వెనక రంగుల కొట్లో ముప్పై ఏళ్లుగా పెయింట్లు కలుపుతున్న మనిషి. చిరిగిన కర్టెను ముక్క తెచ్చి ఇలాంటిది కావాలన్నా, పగిలిన కప్పు పెంకు చూపించి దీని లోపలి రంగు కావాలన్నా, ఒక్కసారి కళ్లు చిట్లించి చూస్తాడు. ఈ డబ్బాలోంచి నాలుగు చుక్కలు, ఆ డబ్బాలోంచి ఒక చుక్క వేసి, మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "తీసుకెళ్లండి, ఆరాక చూడండి" అంటాడు. ఆరాక చూసి వెనక్కి తెచ్చినవాళ్లు లేరు. అందుకని పేట మొత్తానికి ఆయన డబ్బా బాబాయి. ఆ వరసన ఆయన భార్య పేట మొత్తానికి పిన్ని.

ఇక్కడో చిన్న విషయం చెప్పుకోవాలి. పిన్నికి ఒక పేరుంది. చక్కటి పేరు. కానీ పెళ్లయ్యాక ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. కూతురికి అమ్మ, పేటకి పిన్ని, కొట్టు యజమానికి "మీ ఆవిడ". గ్యాసు బండ బాబాయి పేరు మీద వస్తుంది. కరెంటు బిల్లు మావగారి పేరు మీద వస్తుంది (ఆయన పోయి పద్నాలుగేళ్లయింది, కరెంటు వాళ్లకి ఇంకా కబురందలేదు). పిన్ని పోయినేడు పాత ట్రంకు పెట్టె సర్దుతుంటే స్కూలు సర్టిఫికెట్టు బయటపడింది. దాని మీద ఉన్న పేరు రెండుసార్లు పైకి చదువుకుని, "బాగానే ఉండేది కదా" అని మళ్లీ పెట్టెలో పెట్టేసింది. పక్క గదిలోంచి ఆ మాట విన్న బాబాయికి మనసు చివుక్కుమంది.

ఇక రంగు సంగతి. పెళ్లయిన మొదటి ఏడు, ఓ మధ్యాహ్నం వాన వెలిశాక ఇద్దరూ డాబా మీద తడిసి ముద్దయిన బట్టలు తీస్తున్నారు. ఉన్నట్టుండి తడి సిమెంటు పిట్టగోడ మీద ఎండ పడింది. బూడిద రంగే, కానీ అడుగున ఎక్కడో తేనె చుక్క కలిపినట్టుంది.

"అదిగో, ఆ రంగు! మన గదికి ఆ రంగు వేయండి," అంది పిన్ని, చేతిలో దిండు గలీబుతో.

"ఓస్, ఇంతేనా? రేపే!" అన్నాడు బాబాయి.

పెళ్లయిన మొదటి ఏడాది మగవాళ్లు అనే మాటల్లో ఇది మామూలు మాటే. అందరూ అని మరిచిపోతారు, బాబాయి మాత్రం మరిచిపోలేదు. ఆ మర్నాడే కలిపి, పడకగది గోడ మీద చెయ్యంత మేర పూశాడు. పిన్ని తల అడ్డంగా ఊపింది. మరుసటి ఏడు ఇంకొకటి పూశాడు. అలా ఇరవై రెండేళ్లకు ఇరవై రెండు మచ్చలు తేలాయి. చూడవచ్చిన చుట్టాలు గోడకేదో చర్మవ్యాధి అనుకుని, మాట మార్చి, మంచినీళ్లు తాగి వెళ్లేవారు.

తొమ్మిదేళ్ల కిందట కొట్టు యజమాని ఊరెళుతూ ఓ నల్ల పుంజునీ, గడ్డి రంగు పెట్టనీ నాలుగు రోజులు చూడమని ఇచ్చాడు. తిరిగొచ్చి ఆ సంగతే ఎత్తలేదు. ఆ రెంటికీ పుట్టిన పిల్లల్లో ఒకదానికి, రెక్క కింద, మూడే మూడు ఈకలు ఆ రంగులో ఉన్నాయి. బాబాయి దాన్ని ఎండలోకి పట్టుకెళ్లి, రెక్క విప్పి చూసి, కేక పెట్టాడు. పిన్ని చేతిలో అట్లకాడతోనే మెట్లెక్కి పరిగెత్తుకొచ్చింది.

అంతే, డాబా కాస్తా కోళ్ల పాలైంది. పాత పెయింటు డ్రమ్ములు కోసి, జాలీ బిగించి తొమ్మిది గూళ్లు కట్టాడు. పెద్ద డ్రమ్ములో థర్మాకోల్ పరిచి, నలభై వాట్ల బల్బు వేలాడదీసి గుడ్లు పొదిగే పెట్టె చేశాడు. బాబాయి కొట్టుకి పోతాడు కాబట్టి గుడ్లు తిప్పే పని పిన్నిది. పొద్దున ఒక పక్క, మధ్యాహ్నం ఇంకో పక్క, సాయంత్రం మళ్లీ మొదటి పక్క, ఇలా ఒక్కో విడతకి ఇరవై ఒక్క రోజులు తిప్పాలి. ఆ తొమ్మిదేళ్లలో పిన్ని పుట్టింట్లో వరసగా రెండు రాత్రులు పడుకున్నది లేదు. వంశవృక్షాలన్నీ కూతురి పాత లెక్కల నోటుపుస్తకంలో ఎక్కాయి. తన సొంత మేనమామకి పిల్లలెందరో బాబాయి తడుముకుంటాడు గానీ, ఏ పుంజుకి ఏ పెట్ట మేనత్త అవుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

రంగు కుదరని కోళ్లను పేటలో పంచేశాడు. ఇప్పుడు ఏ ఇంటి ముందు చూసినా ఉద్యోగం ఊడిన కోడి ఒకటి తిరుగుతుంటుంది.

ఒకసారైతే పని దాదాపు అయిపోయిందనుకున్నాడు. నాలుగో ఏడు ఓ పుంజు అచ్చం ఆ రంగులో పెరిగింది. బాబాయి పేటంతా చెప్పుకుని తిరిగాడు. కోళ్లు ఏడాదికోసారి పాత ఈకలు రాల్చేసి కొత్తవి తొడుక్కుంటాయి కదా, ఆ మహానుభావుడు రాల్చాక తొడుక్కున్నది ఇటుక రంగు. బాబాయి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "పోనిద్దురూ, వాడికేం తెలుసు," అని పిన్నే సముదాయించింది.

తొమ్మిదో ఏట దొరసాని వచ్చింది. పెంకు పగలగొట్టుకుని వచ్చినప్పుడే అటూ ఇటూ చూసి, ఇదేం ఇల్లు అన్నట్టు ముఖం పెట్టింది, అందుకే ఆ పేరు. ఈకలు రాల్చాక కూడా అదే రంగు. దాని జోడు పుంజుదీ అదే రంగు. ఆ రెంటికీ పుట్టిన పదకొండు పిల్లలూ వరసగా, ఒక్కటి కూడా తప్పకుండా, అదే రంగు. బాబాయి పిన్నిని చెయ్యి పట్టుకుని డాబా మీదకి లాక్కెళ్లాడు. దొరసాని ఎండలో నిలబడి ఉంది. పిన్ని చాలాసేపు చూసింది.

"అదే," అంది.

బాబాయి ఎగిరి గంతేశాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, మోకాలు కలుక్కుమన్నా లెక్క చెయ్యలేదు. "దీనికి నీ పేరు పెడుతున్నా!"

"కోడికా?"

"కోడికెందుకే? రంగుకి! కాగితం మీద, ముద్రతో! రేపట్నించి లోకంలో ఎవరైనా ఆ రంగు అడగాలంటే నీ పేరు పలకాల్సిందే!"

"ఛీ, ఊరుకోండి," అంది పిన్ని. కానీ ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది, ఎవరూ ఏమీ అనలేదు.

ముద్ర కావాలంటే గుర్తింపు కావాలి, గుర్తింపు కావాలంటే కార్యాలయం వారి వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టాలి. మందుల కొట్లో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం చేస్తున్న కూతురు ఆదివారం పూట ఆ బాధ్యత తీసుకుంది.

"నాన్నా, 'కొత్త రంగు నమోదు' అని ఉంది, నొక్కుతున్నా."

"నొక్కమ్మా, నొక్కు!"

"'మీ కొత్త రంగును కింది ఇరవై మూడు రంగుల జాబితా నుంచి ఎంచుకోండి' అంటోంది."

బాబాయి నోరెళ్లబెట్టాడు. జాబితాలో లేకపోతే ఏం చెయ్యాలో కింద చిన్న అక్షరాలతో ఉంది: జాబితాలో లేని రంగును జాబితాలో చేర్చుటకు, జాబితాలోని ఏదేని రంగుతో దరఖాస్తు చేసుకొనవలెను. సరేనని 'తెలుపు' నొక్కి ముందుకెళ్లారు. తరువాత కోడి ఫొటో అడిగింది, రెండు కళ్లూ కెమెరాలోకి సూటిగా చూస్తూ ఉండాలట. కోడికి కళ్లు చెరో పక్కన ఉంటాయన్న విషయం కార్యాలయం దృష్టికి ఎవరూ తీసుకెళ్లినట్టు లేదు. కూతురు కుడి పక్క ఫొటో ఒకటి, ఎడమ పక్క ఫొటో ఒకటి తీసి అతికించింది. "అభ్యర్థులు ఇద్దరుగా కనిపిస్తున్నారు, కవలలైతే అనుబంధం 'గ' నింపండి" అని వచ్చింది. తండ్రి పేరు దగ్గర 'పుంజు' అని కొట్టారు. తండ్రి వృత్తి అడిగింది. ఆఖర్న దొరసాని మొబైల్‌కి నాలుగంకెల సంఖ్య పంపామనీ, అది రెండు నిమిషాల్లో కొట్టాలనీ చెప్పింది. దొరసానికి ఫోను లేదు. బాబాయికి తల ప్రాణం తోకకొచ్చింది.

మర్నాడు కొట్టుకి సెలవు పెట్టి, స్వయంగా కార్యాలయానికే వెళ్లాడు.

అక్కడ పొడవాటి హాలుంది, గోడల మీద పాత సున్నం పెచ్చులూడుతోంది, ఇనప బెంచీలు వరసగా ఉన్నాయి, తలుపు పక్కన టోకెన్లిచ్చే మిషను, గోడకు మైకు. నాలుగో కిటికీ గుమాస్తా మంచివాడు. ఎవరొచ్చినా ఓపిగ్గా కూర్చోబెట్టి, పని ఎందుకు కాదో విడమరిచి చెప్తాడు. మిగతా కిటికీల్లో ఆ మర్యాద కూడా లేదు.

"రంగు నమూనా కావాలి బాబాయ్ గారూ. నాలుగంగుళాల అట్ట మీద."

"ఇదిగో, ఈక తెచ్చాను."

"అయ్యయ్యో, ఈక పెట్టకూడదు. ఈకంటే వస్తువు కిందకొస్తుంది, వస్తువులు ఏడో కిటికీ. అట్ట మీద రంగు పూసి తేవాలి."

బాబాయి దొరసానిని తువ్వాల్లో చుట్టి కొట్టుకి తీసుకెళ్లి, కౌంటరు మీద నిలబెట్టి, దాన్ని చూస్తూ కలిపాడు. ఇన్నాళ్లూ ఎప్పటి ఎండనో గుర్తుపెట్టుకుని కలిపేవాడు, ఇప్పుడు ఆ రంగు ఎదురుగా నిలబడి రసీదు పుస్తకాన్ని పొడుస్తోంది. మూడు గంటలు పట్టింది. అట్ట ఆరాక దొరసాని రెక్క పక్కన పెట్టి చూస్తే, ఎక్కడ అట్ట అయిపోయిందో ఎక్కడ కోడి మొదలైందో తెలియలేదు. బాబాయి కళ్లు చెమర్చాయి. మిగిలిన రంగుతో పడకగదికి వేసేద్దామనుకుని, మళ్లీ ఆగాడు. ముందు పేరు రావాలి, డబ్బా మీద ఆ పేరు రాయాలి, ఆ డబ్బాతో గది వెయ్యాలి. పిన్ని కూడా అదే బాగుందంది.

అట్ట ఇచ్చాడు. ఫైలు కట్టారు. తనిఖీ తేదీ తర్వాత చెప్తామన్నారు.

రెండు నెలలకి కొట్లోకి ఓ కాంట్రాక్టరు వచ్చి, జేబులోంచి రంగు పూసిన అట్టముక్క తీసి కౌంటరు మీద పెట్టాడు. "దీనికి సరిగ్గా సరిపోయేలా పన్నెండు డ్రమ్ములు కావాలి. మా పెద్దసారుకి ఈ రంగు తెగ నచ్చేసింది."

అది బాబాయి అట్టే, అంచులు కత్తిరించి ఉంది. చూడగానే గుర్తుపట్టాడు. ఆ సమయంలో బుద్ధి ఉన్నవాడెవడైనా "ఇది నీకెక్కడిదయ్యా?" అని అడుగుతాడు. బాబాయి అడగలేదు. ముప్పై ఏళ్లుగా ఎవరెవరి కర్టెన్లకో, ఎవరెవరి గేట్లకో రంగు కలిపిన మనిషి, తన రంగు కావాలని ఒకడు వెతుక్కుంటూ వచ్చేసరికి ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. పన్నెండు డ్రమ్ములూ ఇంకెవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే కలిపాడు. అట్ట ఇచ్చేశాక, అందులో తేనె చుక్క రవ్వంత తక్కువైందేమోనని అనుమానం పట్టుకుంది, అది కూడా సరిచేశాడు. ఇంటికెళ్లి, "మన రంగు ఎవరో పన్నెండు డ్రమ్ములు పట్టుకెళ్లారే!" అని పిన్నికి చెప్పి మురిసిపోయాడు. "ఎవరో మంచి కళ్లున్నవాళ్లే," అంది పిన్ని.

తనిఖీ రోజు వచ్చింది. పిన్ని దొరసానికి గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయించింది, బుట్టలో కొత్త తువ్వాలు పరిచింది. ముగ్గురూ ఆటో ఎక్కారు. (కార్యాలయం రికార్డుల ప్రకారం ఇద్దరు, ఒక దరఖాస్తు.) హాల్లో అడుగుపెట్టబోయి బాబాయి గుమ్మంలోనే ఆగిపోయాడు.

పన్నెండు డ్రమ్ముల రంగూ అక్కడుంది. నాలుగు గోడలకీ, స్తంభాలకీ, చివరికి టోకెన్ల మిషను వెనక వైపుకి కూడా పూశారు.

"అమ్మో, ఎంత బాగుందో!" అంది పిన్ని ముందు. తర్వాత ఆమెకీ అర్థమైంది.

రంగు నిర్ధారణ అధికారి అరగంట ఆలస్యంగా, మూడు కళ్లజోళ్లతో వచ్చారు. ఒకటి పగటి వెలుతురుకి, ఒకటి ట్యూబులైటుకి, మూడోది సంతకానికి. "అభ్యర్థిని బయటకు తీయండి" అన్నారు. బాబాయి మూత తీశాడో లేదో, దొరసాని కిందకి దూకి నాలుగడుగులు వేసి గోడ పక్కకి చేరింది. అంతే, మాయం. ఇద్దరు గుమాస్తాలు, ఒక ప్యూను, బెంచీల మీద టోకెన్లు పట్టుకుని ఉన్న పదిహేడు మందీ వెతికారు. ఒకాయన గోడని తడిమి "ఇక్కడేదో వెచ్చగా ఉందండీ" అన్నాడు, తీరా చూస్తే స్విచ్చిబోర్డు. ఇరవై నిమిషాల తర్వాత గోడే కొక్కొక్కో అంది. ఆ శబ్దం ఎటు నుంచి వచ్చిందో పట్టుకుని పిన్నే దాన్ని ఎత్తుకుంది.

అధికారి దొరసానిని గోడకి ఆనించి, రెండు కళ్లజోళ్లూ మార్చి చూసి, మూడోది పెట్టుకున్నారు.

"ఈ రంగు కొత్తది కాదండీ. ఆల్రెడీ ఉంది."

"ఎక్కడుంది సార్?"

"ఇదిగో, గోడ."

"సార్, ఆ గోడ రంగు నా కోడిని చూసి కలిపిందే! కలిపింది నేనే!"

"మీ కోడిని చూసి గోడ వచ్చిందో, మా గోడని చూసి కోడి వచ్చిందో రుజువేది? గోడకు ఫైలుంది. మొదలెట్టిన తేదీ, ముగించిన తేదీ, రెండో కోటు తేదీ. మీ కోడికి పుట్టిన తేదీ ఏది? గుడ్డు పెట్టిన రోజా, పిల్ల బయటికొచ్చిన రోజా? దాని మీద ఆరేళ్లుగా కమిటీ కూర్చుని ఉంది."

"మీ ఫైల్లో నా అట్ట ఉంటుంది సార్! నేను అది ఎప్పుడిచ్చానో ముద్ర కూడా వేశారు!"

ఫైలు తెప్పించారు. అట్ట ఉండాల్సిన చోట చతురస్రంగా చిల్లు ఉంది. నమూనా లేని దరఖాస్తు అసంపూర్ణమని అధికారి అక్కడే రాసేశారు. అయితే ఆయన దయలేని మనిషేం కాదు. నిబంధన పద్నాలుగు ప్రకారం, ఉన్న రంగుని పోలిన కోడికి నకలు కింద గుర్తింపు ఇవ్వవచ్చునట. దొరసాని కుడి కాలికి రేకు కడియం తొడిగారు. దాని మీద 'గోడకు నకలు' అని చెక్కి ఉంది. ఇంకో గెజిటెడ్ అధికారి వచ్చి దాన్ని అసలుతో సరిపోల్చి చూసితినని సంతకం పెట్టాడు. అందుకోసం గోడని కూడా పిలిపించమన్నాడు గానీ, అది రాలేకపోయింది.

ఇంటికొచ్చే దారంతా బాబాయి బుట్టని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆటో దిగాక, "నా చేతులతో నేనే కలిపానే, పన్నెండు డ్రమ్ములు," అన్నాడు. "నీకు ఒక్క పేరు... ఒక్క పేరు తేలేకపోయాను."

"పేరు లేకుండా ముప్పై ఏళ్లు వండి పెట్టాను, ఇప్పుడు మాత్రం పెట్టలేనా? లోపలికి రండి," అంది పిన్ని. కడియం చూసి నవ్వబోయింది. నవ్వు రాలేదు.

పోనీ, రంగైతే కుదిరింది కదా, గదికైనా వేస్తానన్నాడు బాబాయి. పిన్ని ససేమిరా అంది. "ఆ ఆఫీసు గోడ నా పడకగదిలోనా? కళ్లు మూసుకుంటే కల్లో టోకెన్లు పిలుస్తారు. వద్దు బాబూ!"

ఇక్కడితో కథ అయిపోవాలి. కానీ కార్యాలయం అన్నాక ఏదో ఒక పని చేస్తూనే ఉంటుంది. ఆరు నెలల తర్వాత పైనుంచి తనిఖీ బృందం వచ్చి, రంగుల్ని గుర్తించే కార్యాలయం తానే ఒక రంగు వేసుకోవడం పక్షపాతం అవుతుందని అభ్యంతరం రాసింది. రాత్రికి రాత్రి నాలుగు గోడలకీ తెల్ల సున్నం కొట్టేశారు. (తెలుపు కూడా జాబితాలో ఉన్న రంగే కదా అని ఒక గుమాస్తా అడిగాడు. అతన్ని ఏడో కిటికీకి మార్చారు.) వారం తిరక్కుండా బాబాయికి రిజిస్టరు పోస్టులో నోటీసు వచ్చింది. కూతురు చదివి వినిపించింది.

"'మీ కోడి ఏ గోడకు నకలుగా గుర్తించబడినదో, సదరు గోడ రంగు ప్రస్తుతం ఉనికిలో లేదు. అసలు లేనిదే నకలు చెల్లదు. కావున సదరు కోడి అనధికారికంగా ధరించియున్న రంగును పదిహేను దినములలో కార్యాలయమునకు అప్పగించవలెను. అప్పగించని యెడల రంగు కోడితో సహా స్వాధీనపరచుకొనబడును.'"

"కోడితో సహానా?" అన్నాడు బాబాయి. మెట్టు మీద కూలబడ్డాడు. "రంగు ఎలా అప్పగిస్తారే ఎవరైనా? అదేమన్నా చొక్కానా విప్పి ఇవ్వడానికి? తీసుకుపోతారే దొరసానిని!"

పిన్ని డాబా మీదకి వెళ్లింది. రెండు నిమిషాల్లో చీపురు, చేట, ఓ సంచీ పట్టుకుని దిగింది. సంచీ నిండా ఈకలు.

"వారం నుంచి రోజూ ఇవే ఊడుస్తున్నాను. ఏడాది తిరిగింది, రాలుస్తోంది మహాతల్లి," అంది. "రంగే కదా వాళ్లకి కావలసింది? పట్టుకెళ్లి ఇచ్చేద్దాం పదండి."

బాబాయి పిన్ని ముఖంలోకి చూశాడు, సంచీలోకి చూశాడు, మళ్లీ పిన్ని ముఖంలోకి చూశాడు. తర్వాత నవ్వడం మొదలెట్టాడు. పిన్ని కూడా నవ్వింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, కూతురు పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనని తలుపు వేసింది. దొరసాని రాల్చడం పూర్తయ్యేదాకా ఇంకో పది రోజులు ఆగి, ఈక ఈకా ఏరి, రెండు సంచీలు నింపుకుని బయల్దేరారు.

ఈకలు వస్తువు కిందకి వస్తాయి కాబట్టి ఏడో కిటికీ. అక్కడ తెలుపు గురించి అడిగి బదిలీ అయిన గుమాస్తానే కూర్చుని ఉన్నాడు. సంచీలు తూకం వేశాడు, నోటీసుతో సరిచూశాడు, కంప్యూటరులో కొట్టడం మొదలెట్టాడు.

"అప్పగించిన వస్తువు, రంగు, ఒకటి. రంగు పేరు?"

"పేరెందుకండీ?" అన్నాడు బాబాయి.

"ఆ గడి ఖాళీగా ఉంటే రసీదు రాదు బాబాయ్ గారూ. ఏదో ఒకటి చెప్పండి."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. పిన్ని వైపు చూడకుండా, ఆమె పేరు చెప్పాడు. ముందు మెల్లగా, తర్వాత అక్షరాలు విడగొట్టి గట్టిగా.

"ఇది రంగు పేరులా లేదే?"

"రంగే. మీరు చూళ్లేదు, అంతే."

గుమాస్తా కొట్టాడు. మిషను గరగరమంది. రసీదు మూడో కిటికీలో తీసుకోమన్నాడు. ఇద్దరూ వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు. కాసేపటికి మైకులో ఓ పేరు వినబడింది. హాలంతా మోగింది. ఎవరూ లేవలేదు. మైకు రెండోసారి పిలిచింది. పిన్ని కూడా అందరితో పాటు ఎవరా అని వెనక్కి తిరిగి చూసింది.

బాబాయి ఆమె మోచేతి మీద తట్టాడు. "నిన్నే."

పిన్ని లేచింది. కొంగు సర్దుకుంది. కిటికీ దాకా ఉన్న పాతిక అడుగులూ తొందర లేకుండా నడిచింది.

ఆ రసీదు ఇప్పుడు వాళ్ల పడకగదిలో, ఇరవై రెండు మచ్చల మధ్య, ఫ్రేములో ఉంది. ముద్ర ఉంది, సంతకం ఉంది, మధ్యలో పెద్ద అక్షరాలతో ఆ పేరు ఉంది. కార్యాలయం పుట్టినప్పటి నుంచీ ఒక కొత్త రంగు పేరు రికార్డుకెక్కడం అదే మొదలు. స్వాధీనపరచుకున్న వస్తువుల పుస్తకంలో, నాలుగో పేజీలో, పగిలిన కుర్చీ కింద, గొళ్లెం లేని బీరువా పైన ఉంటుంది. ఎవరైనా అడిగి చూడవచ్చు, అడగాలంటే మాత్రం ఆ పేరు పలకాలి.

దొరసానికి ఏడు వారాల్లో కొత్త ఈకలు వచ్చాయి. వెనకటి రంగే, వెంట్రుకవాసి తేడా లేదు. కార్యాలయం దాన్ని పరిశీలించి, తన బీరువాలో భద్రంగా ఉన్న రంగు ఒక ప్రైవేటు కోడి ఒంటి మీద ఎలా కనిపిస్తోందో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని, దొంగతనం కింద నోటీసు పంపింది.